గుండు టైరుకు పువ్వులు

మా జహీరాబాద్‌లో పాత బండి కొనడానికి వచ్చిన మనిషిని ఎప్పుడైనా గమనించండి. ఇంజిను మూత ఎత్తడు, బ్రేకు తొక్కి చూడడు. నేరుగా పోయి టైరు ముందు గొంతుక్కూర్చుంటాడు. రెండు వేళ్లు గాడుల్లో పెట్టి నిమురుతాడు. తర్వాత లేచి, ప్యాంటు దులుపుకుని, చెప్పుకాలితో టైరును ఒక్క తన్ను తంతాడు. ఆ తన్నుతో బండి జాతకమంతా తెలిసిపోయినట్టు తల ఊపుతాడు. తన్నితే టైరు ఏం చెబుతుందో నాకు ఇన్నేళ్లలో అర్థం కాలేదు. వాళ్లకూ అర్థం కాలేదనే నా నమ్మకం.

కోహీర్ వైపు జామతోటలున్న ఒక పెద్దమనిషి మా కాలనీలోనే ఉంటాడు. జీపుకు కొండలెక్కే టైర్లు వేయించాడు. పైకి లేచిన ఒక్కో రబ్బరు బటను అరచేయంత ఉంటుంది. ఆ జీపు ఇంతవరకు ఎక్కిన అతి పెద్ద కొండ, ఫంక్షన్ హాలు ముందున్న స్పీడు బ్రేకరు. తోటకు మాత్రం ఆయన పాత మోటారుసైకిల్ మీదే పోతాడు. ఎందుకయ్యా అంటే, బురదలో తిరిగితే టైర్ల డిజైను పాడవుతుందట. దసరా నాడు ఆ నాలుగు టైర్లకూ కుంకుమ బొట్లు పెట్టి, గాడుల్లో ఇరుక్కున్న రాళ్లను పుల్లతో తీస్తూ పొద్దంతా కూర్చుంటాడు. ఇంట్లో వాళ్లమ్మ చెవి నొప్పని మూడు రోజులుగా మొత్తుకుంటున్నా అంత శ్రద్ధ పెట్టి చూడలేదు.

నేను ఇక్కడే ఒక ప్రైవేటు బడిలో డ్రాయింగ్ మాస్టరుని. బొమ్మకూ పనికీ తేడా తెలిసినవాణ్ణని నాకు గట్టి నమ్మకం ఉండేది. టైరు మీద గాడి అందానికి పెట్టింది కాదని, వాన నీళ్లు టైరు కింది నుంచి పక్కకు జారిపోయి చక్రం రోడ్డును పట్టుకోవడానికి పెట్టిందని కనిపించిన ప్రతివాడికీ చెప్పేవాణ్ణి. పైన పటారం, లోన లొటారం గాళ్లని ఊరందరినీ వెక్కిరించేవాణ్ణి. నా భార్య రాయికోడ్ వైపు ఒక ఊరి దవాఖానలో నర్సు. ఇంకో నలుగురు ఆడవాళ్లతో కలిసి రోజూ పొద్దున షేర్ ఆటోలో పోయి, సాయంత్రం అదే ఆటోలో వస్తుంది. ఈ ముక్క ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఊళ్లో అందరి తెలివితక్కువతనాన్నీ లెక్కపెట్టిన నేను, నా ఇంటి మనిషి రోజూ మూడు చక్రాల మీద పోయి వస్తుందన్న సంగతి మాత్రం గుర్తు పెట్టుకోలేదు.

మా అక్క భర్తకు చిరాగ్‌పల్లి దగ్గర బొంబాయి రోడ్డు పక్కన టైర్ల దుకాణం ఉంది. దుకాణమంటే రేకుల కప్పు, గాలి పంపు, ఒక నీళ్ల తొట్టి. పంక్చర్లు ఎవరైనా వేస్తారు. మా బావకు పేరొచ్చింది వేరే పనితో. అరిగి అరిగి నున్నగా అయిన టైరును మావాళ్లు గుండు టైరంటారు. అలాంటి టైరు తెచ్చి ఇస్తే, కరెంటుతో కాలే వంకర కత్తి ఒకటి పట్టుకుని, ఆ గుండు మీద కొత్తగా గాడులు కోసి ఇస్తాడు. కాలిన రబ్బరు సేమియా పోగుల్లాగా రాలి పడుతూ ఉంటుంది. ఆ వాసన ఆదివారం పూట నా చొక్కాకు పట్టిందంటే బుధవారం దాకా పోదు. కోత అయ్యాక నల్ల పాలిషు పూస్తాడు. అరగంట ముందు పారేయాల్సిన టైరు, అరగంట తర్వాత పెళ్లికొడుకు. ఈ పనికి వాళ్లు వాడే మాట నక్షీ. ఉర్దూలో నక్కాషీ, తెలుగు పుస్తకాల్లో నగిషీ, మా బావ దుకాణంలో నక్షీ. కోటగుమ్మాల మీద చెక్కడానికి పుట్టిన మాటకు చివరికి ఈ గతి పట్టింది.

మొదట్లో నేను ఆయనతో గొడవే పెట్టుకున్నాను. అరిగిన టైరులో మిగిలింది పలచటి రబ్బరే. అందులో మళ్లీ గాడి కోస్తే కింద నైలాన్ దారాలు తేలతాయి. అది రోడ్డు మీద పేలితే ఎవరిది బాధ్యత అని అడిగాను.

"బామ్మర్దీ, బడిల చెప్పే ముచ్చట ఈడ చెప్పకు" అన్నాడు బావ, కత్తి ఆపకుండా. "ఇవి తిరిగేటి టైర్లు కావు. అమ్మేటి టైర్లు. పాత బండి అమ్మాలంటె కొనెటోని కండ్లకు ఆనాలె. కొన్నంక వాడు కొత్త టైర్లు ఏసుకుంటడు. నీకెందుకు ఫికర్?"

కొన్నవాడు కొత్త టైర్లు వేసుకుంటాడట. పాత బండి కొనేవాడి దగ్గర కొత్త టైర్లకు డబ్బులుంటే పాత బండి ఎందుకు కొంటాడని అడగడానికి డ్రాయింగ్ పరీక్ష పాసవనక్కరలేదు. కానీ నేను అడగలేదు. ఆ జవాబు నాకు అనుకూలంగా ఉంది, అందుకని నమ్మాను. ఊళ్లో ఇంకెవరైనా అలా నమ్మి ఉంటే వారం రోజులు నవ్వి ఉండేవాణ్ణి.

ఒక ఆదివారం బావ ముఖం చిన్నబుచ్చుకుని కూర్చున్నాడు. బీదర్ రోడ్డు మీద ఇంకొకడు దుకాణం పెట్టి, గుండు టైర్ల మీద పాము మెలికలు కోస్తున్నాడట. మా బావవి నిలువు గీతలు, అడ్డ గీతలు. గిరాకీ అటు పోతోంది.

"నువ్వు ఇంత పెద్ద ఆర్టిస్టువి. బావ కోసం ఒక్క డిజైను గీయలేవా?" అన్నాడు.

నన్ను పడేయడానికి ఆ ఒక్క మాట చాలింది. పదిహేనేళ్లుగా పిల్లల చేత జెండాలు, జామపండ్లు గీయిస్తున్నాను. బడిలో లెక్కల సారు సెలవు పెట్టి పాఠం వెనకబడితే నా పీరియడే ఆయనకు బదిలీ అవుతుంది. ఆర్టిస్టువి అన్నవాడు నా జీవితంలో మా బావ ఒక్కడే, అదీ రబ్బరు పొగలో. గాడి గురించి నేను ఊరికి చెప్పిన పాఠమంతా ఆ క్షణాన మరిచిపోయాను. అదే దుకాణంలో స్టూలు మీద కూర్చుని, ఒక అట్ట ముక్క మీద నాలుగు రేకుల పువ్వూ, పువ్వుకూ పువ్వుకూ మధ్య తీగా గీశాను. మా అమ్మ వేసే ముగ్గులోంచి తీసిన పువ్వది. అట్టను కత్తిరించి, ఆటో టైరు చుట్టూ జరుపుతూ సుద్దతో ముద్రలు వేశాను. బావ వెనకాలే కత్తితో కోస్తూ వచ్చాడు.

నిజం చెబుతున్నాను, ఎంత ముద్దొచ్చిందో. గర్వంతో నాకు ఒళ్లు పొంగింది.

చుట్టూ తిరిగి మొదలుపెట్టిన చోటికి వచ్చేసరికి తప్పు బయటపడింది. చుట్టుకొలత చూసుకోకుండా పువ్వు గీశాను. పదమూడు పువ్వులు చక్కగా పట్టాయి. పద్నాలుగోది సగమే పట్టింది. రెండు రేకులు, ముక్క తీగ, అంతే. మొండిగా మొదటి పువ్వుకు గుద్దుకుని ఆగిపోయింది. ఐదో క్లాసు పిల్లవాడు కూడా ముందు దారంతో కొలుస్తాడు. అట్ట మళ్లీ చేస్తానన్నాను. బావ వద్దన్నాడు.

"ఉండనీ. అడిగినోళ్లకు దిష్టి పువ్వని చెప్త" అన్నాడు.

అన్నట్టే చెప్పాడు. పసిపిల్లకు బుగ్గ మీద చుక్క పెట్టినట్టు, ఇంత అందమైన టైరుకు దిష్టి తగలకుండా ఒక పువ్వు కావాలని సగం వదిలేశామని చెప్పేవాడు. మా మహాజనం దానికి మురిసిపోయారు. నిండు పువ్వులు పదమూడింటినీ వదిలేసి, ఆ మొండి పువ్వు ఎక్కడుందో వెతికి, దాన్ని ముట్టుకుని, తృప్తిగా తల ఊపేవాళ్లు. దిష్టికి భయపడతారు కానీ గుండు టైరుకు భయపడరు! నేను చాటున నవ్వుకునేవాణ్ణి. నా చేతకానితనాన్ని అంతమంది భక్తితో తాకడం మాత్రం ఎక్కడో బాగానే ఉండేది.

వరసగా ఆదివారాలు పోయి పన్నెండు టైర్లకు సుద్ద ముద్రలు వేశాను. అన్నీ ఆటో టైర్లే, అన్నిటికీ ఒకటే అట్ట, అన్నిటికీ అదే సగం పువ్వు. పదమూడో టైరు తెచ్చినవాడు పువ్వులొద్దు, సినిమా హీరో ముఖం గీయమన్నాడు. నా కళకు అవమానం జరిగిందని సుద్దముక్క విసిరికొట్టి ఇంటికొచ్చాను. ఆ తర్వాత దుకాణానికి పోవడం మానేశాను. అరిగిన టైరుకు అందం దిద్దడం తప్పనిపించి మానలేదు. నా పువ్వును కాదన్నారని మానాను.

ఇది పోయిన ఎండాకాలం సంగతి. వానలు పడ్డాయి.

మా గల్లీకి ఇంకా సీసీ రోడ్డు పడలేదు. ఎర్రమట్టి. రాత్రి వాన పడితే పొద్దుటికి నున్నగా, పలక తుడిచిపెట్టినట్టు ఉంటుంది. నా భార్య వాకిట్లో నాపరాళ్ల మీద ముగ్గు వేసి లోపలికి పోయింది. నేను పళ్లు తోముకుంటూ గేటు దగ్గర నిలబడ్డాను. ఎనిమిదింటికి ఆటో వచ్చి, ఎప్పటిలాగే మా ఇల్లు దాటి ముందుకు పోయి, ఖాళీ ప్లాటులో తిప్పుకుని వచ్చి గేటు ముందు ఆగింది. అది పోయిన దారి వెంట మట్టిలో మూడు జాడలు పడ్డాయి. ఆటోకు ముందు చక్రం ఒక్కటే కదా, దాని జాడ నడిమధ్యన వేరుగా పడుతుంది. వెనక చక్రాలు దాన్ని చెరపవు.

ఆ నడిమి జాడ వైపు ఊరికే చూశాను. పువ్వులు. టైరులో లోతుగా కోసిన గీత మట్టిలో ఉబ్బుగా తేలుతుంది. నాలుగు రేకులు, తీగ, నాలుగు రేకులు, తీగ. మా వాకిట్లో ఉన్న ముగ్గే గేటు దాటి రోడ్డు మీదికి నడిచి పోయినట్టు ఉంది. నోట్లో బ్రష్షుతోనే లెక్కపెడుతూ నడిచాను. పదమూడు. తర్వాత మొండి పువ్వు. మళ్లీ పదమూడు. మళ్లీ మొండి పువ్వు.

నేను ముద్ర వేసిన పన్నెండింట్లో ఒకటి మా గేటు ముందుకే వచ్చి ఆగింది.

వెనక్కి తిరిగేసరికి నా భార్య టిఫిన్ డబ్బా పట్టుకుని ఆటో ఎక్కబోతోంది. పరుగున పోయి మోచేయి పట్టుకున్నాను.

"ఇయ్యాల పోకు. నీకు ఒళ్లు కాలుతున్నట్టున్నది" అన్నాను.

నర్సుకు జ్వరం ఉందని చెప్పిన డ్రాయింగ్ మాస్టరుని లోకంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. ఆమె నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

"నాకేం లేదు. మీకే ఏదో అయినట్టున్నది. నోరు కడుక్కోండ్రి ముందుగాల."

ఆ చెయ్యి నా నుదుటి మీద ఉన్నప్పుడు నేను ఏమాలోచించానో అది కూడా రాస్తాను. ఎలాగోలా ఈమెను దింపుకుంటే చాలనుకున్నాను. తక్కిన నలుగురూ అప్పటికే ఆటోలో కూర్చుని ఉన్నారు. అందులో ఒకామె కూతురు నా క్లాసులోనే చదువుతోంది. వాళ్లు పోతే పోనీ, నా పేరు బయటపడకపోతే చాలనుకున్నాను. ఒకరినొకరు ఒత్తుకుని వాళ్లు నా భార్యకు చోటు చేశారు. "రా అక్కా, కూసో, టైమైతున్నది" అంది ఆ పిల్ల తల్లి. ఇంకో చినుకు పడితే రోడ్డంతా తడి. రాయికోడ్ దారిలో వంపులున్నాయి, ఎదురుగా చెరకు ట్రాక్టర్లు వస్తుంటాయి.

"దిగున్రి. అందరు దిగున్రి" అన్నాను. నేను అరిచానని నాకు తర్వాత తెలిసింది.

ఆటోవాడు నలభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. దిగి వచ్చి నా ముఖం చూశాడు.

"ఏమైంది సార్? టైరు దిక్కు గట్ల జూస్తున్రు? మొన్న శుక్రారమే ఏసిన. నక్షీ జూసిన్రా ఎంత మంచిగున్నదో? గిది కంపెనీలల్ల దొర్కది." చక్రం ముందు గొంతుక్కూర్చుని, సగం పువ్వు ఎక్కడుందో వేలితో వెతికి చూపించాడు. "గిది దిష్టి పువ్వట సార్. ఆడోళ్లను ఎక్కించుకుని తిరిగెటోన్ని గదా, మంచిదని ఏరి మరీ తీసుకున్న."

ఏరి మరీ తీసుకున్నాడట. ఊళ్లో అందరూ చేసే పనే చేశాడు, వేలితో తడిమి, తన్ని, తల ఊపి. ఆ నవ్వే ముఖం చూసి నాకు మొదటిసారి నవ్వు రాలేదు.

భుజం మీది తువ్వాలుతో ఆ పువ్వును గట్టిగా తుడిచాను. నల్ల పాలిషు తువ్వాలుకు అంటుకుంది. రెండోసారి తుడిచాను. రేకుల అడుగున, బావ కత్తి కొంచెం లోతుగా దిగిన చోట, తెల్లటి నైలాన్ దారాలు కనబడ్డాయి. రెండు మూడు అప్పటికే తెగి, కొసలు పైకి లేచి ఉన్నాయి. ఆటోవాడు వంగి చూశాడు. ఆడవాళ్లు ఒక్కొక్కరే దిగి వచ్చి చూశారు.

"ఈ టైరు గుండుది. మా బావ కోసిండు" అన్నాను. "పువ్వు నేను గీసిన. దిష్టి గిష్టి ఏం లేదు. కొలత తప్పి సగమైంది."

ఆటోవాడు అన్నాడు, గొంతు పెంచకుండానే: "మీరు గీసిన్రు. గాయిన కోసిండు. ఇంకొకడు అమ్మిండు. సచ్చేటిది మాత్రం మేమా సార్?"

ఏం చెబుతాను, అవి అమ్మే టైర్లని చెప్పనా?

నా భార్య ఆ దారాలను వేలితో ముట్టుకుని చూసింది. దవాఖానలో గాయాన్ని చూసినట్టే చూసింది, తొందర లేకుండా. పెళ్లయిన నాటి నుంచి నన్ను మీరు అని తప్ప పిలవని మనిషి. లేచి నిలబడి నా వైపు తిరిగింది.

"శుక్రారం సంది నేను నీ బొమ్మల మీద ఎక్కి తిరుగుతున్ననా?" అంది. "ఊరోళ్లందర్ని తెలివిలేనోళ్లని నవ్వుతవ్. వాళ్లకు తెల్వక కొన్నరు. నువ్వు తెలిసి గీసినవ్."

ఐదుగురూ టిఫిన్ డబ్బాలు చేతపట్టుకుని, మట్టిలో చెప్పులు కూరుకుపోతుంటే బస్టాండుకు నడిచి పోయారు. వెంట వస్తానన్నాను. వద్దని చేత్తోనే చెప్పింది. ఆటోవాడు జాకీ పెట్టి ఆ చక్రం విప్పి స్టెప్నీ వేసుకున్నాడు. స్టెప్నీ కూడా గుండుదే. కాకపోతే అది గుండులాగే కనబడుతోంది. దాంతోనే మెల్లగా, ఎవరినీ ఎక్కించుకోకుండా ఇంటికి పోయాడు. పువ్వుల టైరును నా గేటు లోపల పడేసి పోయాడు.

ఆ రోజు బడికి సెలవు పెట్టి చిరాగ్‌పల్లి పోయాను. జరిగిందంతా చెప్పాను. బావ విన్నాడు, కొంచెం తగ్గాడు కూడా. కానీ తప్పు తన దాకా రానివ్వలేదు.

"నేను ఎవ్వనికన్న కొత్త టైరని చెప్పిన్నా? పువ్వు టైరన్న. పువ్వున్నదా లేదా?" అన్నాడు.

తక్కిన పదకొండూ ఎవరికి ఇచ్చావని అడిగాను. తల గోక్కున్నాడు. రెండు బీదర్ దిక్కు పోయాయట. కొన్ని రాయికోడ్ సంతలో టైర్లు అమ్మేవాడు పట్టుకుపోయాడట. తక్కినవి యాదిలేవట. గోడకు వేలాడుతున్న నా అట్టను తీసి ముక్కలు ముక్కలు చేశాను. బావ అడ్డం రాలేదు, జాలిగా చూశాడు.

"అట్ట చింపితే ఏమొస్తదిరా? నా చెయ్యి ఎప్పుడో గాడిల పడ్డది" అన్నాడు.

అక్క మీద ఒట్టు వేయించుకుని వచ్చాను. ఇప్పుడు పువ్వులు కోయడం లేదని అక్క చెబుతుంది. పాము మెలికలు కోస్తున్నాడో ఏమో అడగలేదు, అడిగితే చెబుతుందేమోనని.

నా భార్య ఇప్పుడు బస్సులో పోతుంది, ఒక గంట ముందు బయల్దేరుతుంది. నాతో మాట్లాడుతుంది, మళ్లీ మీరు అనే అంటుంది. అందులో మర్యాద ఎంతో, దూరం ఎంతో నాకు తెలియదు. వాకిట్లో ముగ్గు వేయడం మానలేదు, పువ్వు మాత్రం వేయడం లేదు. నాలుగు గీతలు గీసి లోపలికి పోతుంది.

నేను మాత్రం వాన పడిన ప్రతి పొద్దునా ఊరంతా తిరుగుతున్నాను. బస్టాండు వెనక ఆటోలు ఆగే చోటుకు పోతాను, మార్కెట్ దగ్గర మట్టి చూస్తాను, ఆదివారం బస్సెక్కి రాయికోడ్ సంతకు పోతాను. ఎక్కడికి పోయినా కళ్లు నేల మీదే. గురివింద గింజ తన కింది నలుపును వెతుక్కోవడమంటే ఇదే కాబోలు. మొన్న మా హెడ్‌మాస్టరు స్టాఫ్ రూములో అందరి ముందూ నన్ను మెచ్చుకున్నాడు. సారుకు పాత పొగరు తగ్గింది, ఈ మధ్య తల వంచుకుని నడుస్తున్నాడని. అందరూ నిజమేనన్నట్టు తలలు ఊపారు, టైరు తన్నిన తర్వాత ఊపినట్టే. బయట వాన మొదలైంది. పదకొండు ఇంకా తిరుగుతున్నాయి.